చెరపని పట్టీ

నూకరత్నానికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. బిడ్డ ఊపిరి ఆగిపోతున్న సమయానికి తాను అదే గదిలో, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండి కూడా తెలుసుకోలేకపోవడం. తుఫానులకి ఆమె భయపడదు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి రొయ్యల షెడ్డుకి పంపినప్పుడు ఏడ్చింది గానీ భయపడలేదు. ఈ భయం మాత్రం లోవ పుట్టిననాడు మొదలైంది. లోవకి రెండేళ్లు నిండినా పోలేదు. ఇప్పటికీ పిల్ల పడుకుంటే ముక్కు దగ్గర వేలు అడ్డం పెట్టి, వెచ్చగా తగిలాకే పక్కకి జరుగుతుంది.

అది 2071. కాకినాడకి ఉత్తరాన, పాత ఊరు సముద్రంలో కలిసిపోయాక లోపలికి జరిపి కట్టిన కొత్తరేవు కాలనీ. అక్కడ ఆ భయం లేని తల్లి లేదు. ఎండలు ముదిరిన ఆ దశాబ్దాల్లో కోస్తా పొడుగునా పిల్లలు నెలా నెలన్నర ముందే పుట్టేవారు. అలా పుట్టినవాళ్లలో చాలామంది నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోయేవారు. ఎవరో ఒకరు కాస్త కదిపితే చాలు, గుర్తొచ్చి మళ్లీ అందుకునేవారు. కదిపే చేయి లేకపోతే అంతే. డాక్టర్లు దానికి పొడుగాటి పేరు పెట్టారు. కాలనీలో మాత్రం దాన్ని 'మరుపు' అనేవారు.

ఆ మరుపుకి విరుగుడుగా వచ్చిందే ఊపిరిపట్టీ. నాలుగు వేళ్ల వెడల్పున్న మెత్తటి నూలు పట్టీ. నేతలోనే వెంట్రుకంత సెన్సార్లు, అంచున గింజంత ప్రాసెసర్. బిడ్డ రొమ్ము చుట్టూ కడితే ప్రతి ఊపిరినీ లెక్కపెడుతుంది. ఊపిరి ఆగితే ముందు తానే పక్కటెముకల మీద చిన్నగా తడుతుంది. అప్పటికీ రాకపోతే దీపం ఎర్రగా మారి, తల్లి చేతికి తొడిగిన గాజు గట్టిగా అదురుతుంది. తల్లి పరుగున వచ్చి చూసుకుని, బిడ్డ బాగానే ఉంటే గాజు మీది మీట నొక్కాలి. 'చూశాను' అని దానర్థం. దీపం మళ్లీ ఆకుపచ్చగా మారుతుంది. రాష్ట్రమంతటా వీటిని అమ్మేది 'పొత్తిలి' అనే ఒకే కంపెనీ.

కొత్త పట్టీ కొనడం అందరివల్లా అయ్యేది కాదు. అందుకని కాలనీలో ఒక పద్ధతి పుట్టింది. ఒక ఇంటి బిడ్డకి ఏడాది నిండగానే ఆ పట్టీని తెల్లగుడ్డలో చుట్టి, గుప్పెడు బియ్యం పోసి, నెలలు నిండిన మరో ఇల్లాలి ఒళ్లో పెట్టేవారు. గాజు మాత్రం ఎవరిది వాళ్లకే, కొత్త తల్లి వేరే గాజు కొని పట్టీకి జత చేసుకునేది. హిందువులైనా క్రైస్తవులైనా అదే పద్ధతి. గట్టెక్కిన బిడ్డ పట్టీ కలిసొస్తుందని నమ్మకం. ఇచ్చేటప్పుడు దాని జ్ఞాపకం చెరపకూడదు. కొత్త బిడ్డకి కట్టేముందు 'చెరుపు' మీట నొక్కమని కంపెనీ పుస్తకంలో రాసే ఉంది గానీ, ఎందుకో రాయలేదు. ఎందుకో తెలియని పని ఎవరు చేస్తారు? చెరిపితే బతికిన బిడ్డకి కలిసొచ్చిన గుణం కూడా పోతుందని ఆడవాళ్లందరికీ తెలుసు.

నూకరత్నం కొత్తగా కొన్న లోవ పట్టీకి కాలనీలో మంచి పేరు. మొదటి రెండు నెలలూ అది నూకరత్నాన్ని నిలవనియ్యలేదు. పిల్లకి ఎక్కిళ్లొచ్చినా గాజు అదిరేది, పక్కకి దొర్లినా అదిరేది. షెడ్డులో రొయ్యల తలలు తీస్తున్నదల్లా చేతులు తుడుచుకోకుండా పిల్లని పడుకోబెట్టిన పక్కగదికి పరిగెత్తేది. పిల్ల కాళ్లు ఆడించుకుంటూ నవ్వుతూ ఉండేది. మీట నొక్కి తిరిగొచ్చేసరికి షెడ్డు మేస్త్రి నలుగురిలో మాటలనేవాడు. ఇంటికొస్తే మళ్లీ అదే. మూడో నెలకి పట్టీ కుదుటపడింది. గాజు అదరడం వారానికోసారైంది, తర్వాత అదీ లేదు. పిల్ల గట్టిపడింది, పట్టీ చేయి మంచిదని అందరూ అన్నారు.

కాబట్టి ఎస్తేరు కడుపుతో ఉన్నప్పుడు ఆ పట్టీ కోసం ముగ్గురు అడిగినా నూకరత్నం ఎస్తేరుకే ఇచ్చింది. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే ఈడు. ఒకే బెంచీ మీద చదువుకుని ఒకే ఏడు మానేసినవాళ్లు.

ఎస్తేరు కొడుకు ఏలీయా మూడో నెలలో పోయాడు. చైత్రమాసం, పట్టపగలు. ఎస్తేరు మంచం పక్కనే నేల మీద కూర్చుని వల దారం చుడుతోంది. కేక విని నూకరత్నం పరిగెత్తింది. పిల్లాడి ఒళ్లు అప్పటికే చల్లబడుతోంది. రొమ్ము మీద దీపం ఆకుపచ్చగా, చక్కగా వెలుగుతోంది.

ఎనిమిదో రోజున కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పన్నెండు గంటల నలభై నిమిషాలకి హెచ్చరిక ఇవ్వబడింది, తల్లి స్పందించలేదు, పరికరంలో లోపం లేదు. మూడే ముక్కలు. ఎస్తేరు అత్తగారు ఆ కాగితాన్ని మడతపెట్టి రవికలో దాచుకుని, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ తీసి చదివి వినిపించేది. మొగుడు దావీదు పడవ మీదే ఉండిపోయాడు, ఒడ్డుకొచ్చినా ఇంటికి రాలేదు. ఎస్తేరు తిండి మానేసింది. దీపం పచ్చగానే ఉంది కదే, నేను నా కళ్లతో చూశానని నూకరత్నం ఎంత చెప్పినా వినిపించుకోలేదు. ఒక రోజు మాత్రం తన మణికట్టు చూసుకుంటూ నెమ్మదిగా అంది:

"గాజు అదిరిందేమోనే రత్తం. నాకే తెలీలేదేమో."

ఆ మాట నూకరత్నం గుండెలో దిగబడిపోయింది. తాను భయపడింది తనకి జరగకుండా ఎస్తేరుకి జరిగింది. అదిరిందో లేదో తేలకపోతే ఈ పిల్ల బతకదని ఆమెకి అర్థమైంది. తేల్చగలిగింది పట్టీ ఒక్కటే, దాని లోపల ఏముందో కంపెనీకి తప్ప ఎవరికీ తెలియదు. పట్టీని గుడ్డలో చుట్టుకుని, లోవని చంకనేసుకుని కాకినాడ బస్సెక్కింది.

యంత్రాల లోపలి రాత గురించి జనం తరఫున కంపెనీలని నిలదీసే ఉమ్మడి కోడ్ సంఘం ఒకటి కాకినాడలో ఉంది, దాని ఆఫీసు ఒక్కటే గది. దాన్ని నడిపే గౌసియా నలభై దాటిన ఇంజినీరు. కథంతా విన్నాక పట్టీని వెలుగులో తిప్పి చూసి, కంపెనీని మూలకోడ్ ఇమ్మని అడుగుదామంది.

"లోపల ఏం రాసుకున్నారో మనకెందుకు చెప్తారండి ఆళ్లు?" అంది నూకరత్నం.

"చెప్పాలి. అది వాళ్ల దయ కాదు, నీ హక్కు."

గౌసియా ఓపిగ్గా వివరించింది. యంత్రానికి మనుషులు రాసి ఇచ్చే ఆజ్ఞలే మూలకోడ్. మనిషి చదవగలిగే రాత అది. దాన్ని యంత్రభాషలోకి మార్చి పట్టీలో పోస్తారు, ఆ తర్వాత చదవడం ఎవరి తరమూ కాదు. ఊపిరి లెక్కపెట్టే కోడ్ మొట్టమొదట రాసింది పొత్తిలి కంపెనీ కాదు. ముప్పై ఏళ్ల కింద సత్యవేణి అనే నర్సు, ఏడో నెలలో పుట్టిన తన మనవడి కోసం రాసుకుంది. తర్వాత దాన్ని లోకానికి వదిలేస్తూ ఒక లైసెన్స్ పెట్టింది. తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ దాంతో చేసిన వస్తువు ఎవరి చేతికి వెళ్తుందో వాళ్లు అడిగితే, మార్చిన రాతతో సహా మూలకోడ్ చూపించాలి. కొన్నది నూకరత్నం పేరు మీద కాబట్టి అడగాల్సిందీ నూకరత్నమే.

నోటీసు వెళ్లింది. నెల తర్వాత జవాబు వచ్చింది. మా కోడ్ మొదటి అక్షరం నుంచీ మేమే రాసుకున్నాం, ఆ నర్సుతో మాకు సంబంధం లేదు, పైగా ఇలాంటివి బయటపెడితే తల్లుల్లో అనవసరమైన అయోమయం కలుగుతుంది అని.

గౌసియా నవ్వి, బీరువాలోంచి రొట్టెల డబ్బాలాంటి పెట్టె తీసింది. అది ఆనవాలు యంత్రం. మూసి ఉన్న పరికరాన్ని దాని మీద పెడితే, లోపలి కోడ్ నడుస్తున్నప్పుడు పుట్టే వేడినీ, విద్యుత్తులో సన్నని తేడాలనీ పట్టుకుని, అది ఏ కోడ్ సంతానమో పోల్చి చెబుతుంది. నడక చూసి ఫలానావారి పిల్లాడని చెప్పే ముసలమ్మ లాంటిది. రబ్బరు బొమ్మ రొమ్ముకి పట్టీ కట్టి, యంత్రం మీద పెట్టి, బొమ్మకి ఊపిరి ఆడించారు.

"పదిహేడో ఊపిరి తర్వాత ఇది అర ఊపిరి అదనంగా లెక్కిస్తోంది," అంది యంత్రం. "ఆ అవసరం ఈ బొమ్మకి లేదు. సత్యవేణి కోడ్‌లోనూ పదిహేడు తర్వాత అర ఉంది. ఆమె రాసుకున్న గమనిక చదవమంటారా?"

చదవమంది గౌసియా.

"'మా బుజ్జిగాడు నిద్రలో పదిహేడు ఊపిర్లకోసారి నిట్టూరుస్తాడు. అది మరుపు కాదు, కంగారు పడొద్దు.'"

ముప్పై ఏళ్ల కిందటి పిల్లాడి నిట్టూర్పు ఒకటి, లక్షల పట్టీల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. మక్కీకి మక్కీ ఎత్తుకొచ్చినవాళ్లు అదేమిటో తెలియక అలాగే ఉంచేశారు. ఇలాంటి తగాదాలు తీర్చే కోడ్ న్యాయపీఠానికి నూకరత్నం పేరుతో అర్జీ వెళ్లింది. అక్కడ పొత్తిలి కంపెనీ లాయర్లు దానికి జవాబు చెప్పలేకపోయారు.

జవాబు చెప్పలేనివాళ్లు కాలనీకి వచ్చారు. చెట్టు కింద కుర్చీలు వేయించుకుని, ఇంటింటికీ కొత్త పట్టీ ఇస్తాం, నూకరత్నం గారు ఆ అర్జీ ఒక్కటీ వెనక్కి తీసుకుంటే చాలన్నారు. కాలనీ అంతా ఆమె వైపు తిరిగింది. మొగుడు కొండబాబు సైతం, అందరి పిల్లలకీ మేలు జరుగుతుంటే నీ పంతమేంటని అడిగాడు. ఆమె అందరి ముందూ ఒక్కటే అడిగింది:

"మరి ఎస్తేరు అత్త దగ్గరున్న కాగితం తప్పని రాసిత్తారా?"

అది కుదరదన్నారు. అయితే నాదీ కుదరదని లేచి వచ్చేసింది. ఆ తర్వాత నెల రోజులు కుళాయి దగ్గర ఆమె బిందెని ఎవరూ ముందుకి జరపనివ్వలేదు.

ఆషాఢంలో పీఠం తీర్పు చెప్పింది. మూలకోడ్ మొత్తం సంఘానికి చేరింది. గౌసియా కబురు పెడితే నూకరత్నం మళ్లీ బస్సెక్కింది.

తెర మీద వరసలు వరసలుగా అక్షరాలు. గౌసియా ఒకచోట వేలు పెట్టి చెప్పింది. నర్సు రాసిన దాంట్లో లేనిది, కంపెనీ కొత్తగా చేర్చింది ఒకటుంది. దాని పేరు మౌనకాలం. గాజు అదిరాక తల్లి వచ్చి 'చూశాను' అని నొక్కిన ప్రతిసారీ, ఈమెని ఊరికే కంగారు పెట్టానన్నమాట అని పట్టీ నేర్చుకుంటుంది. తర్వాతిసారి గాజుని అదరగొట్టేముందు ఇంకాస్త ఆగుతుంది. మళ్లీ నొక్కితే మరికాస్త. ఎంతవరకు ఆగొచ్చో హద్దు లేదు. పక్కనే రాసినవాడెవడో గమనిక పెట్టుకున్నాడు: 'హెచ్చరికలు ఎక్కువైతే తల్లులు పట్టీ తీసి అవతల పెడుతున్నారు. వారు కోరినంత మౌనం ఇవ్వాలి.' అలా ఆగినంతసేపూ దీపం పచ్చగానే ఉంటుంది. నిమిషంన్నర దాటినా ఊపిరి కదలకపోతే, పట్టీ తీసి పక్కన పెట్టారనుకుని గాజుని అదరగొట్టడమే మానేస్తుంది, దీపాన్ని పచ్చగానే ఉంచేస్తుంది. 'హెచ్చరిక ఇవ్వబడింది' అని చిట్టాలో రాసుకునేది మాత్రం గాజు అదిరినప్పుడు కాదు, ఊపిరి ఆగిన క్షణంలోనే.

"ఎస్తేరు గాజు అదరనే లేదు, నూకరత్నం," అంది గౌసియా. "ఆ కాగితం అబద్ధం. ఇప్పుడది అందరూ చదవగలరు."

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. తేరుకున్నాక, మనసులో ముల్లులా కదులుతున్నది అడిగేసింది.

"మరి మా లోవకి కట్టినప్పుడు అదిరేదిగా అండీ?"

గౌసియా తెర కట్టేయబోయింది. కానీ అడిగిన దానికి జవాబు చెప్పడమే తప్ప ఎప్పుడు ఊరుకోవాలో తెలియని ఆనవాలు యంత్రం చెప్పేసింది.

"ఈ పట్టీలో మౌనకాలం తొంభై నాలుగు సెకన్లు. 'చూశాను' మీట నొక్కినవి మూడువందల పన్నెండు. అన్నీ మొదటి గాజు నుంచి వచ్చినవే. రెండో గాజు నుంచి ఒక్కటీ లేదు."

మొదటి గాజు ఇంకా నూకరత్నం చేతికే ఉంది.

ఆమెకి నెమ్మదిగా తెలిసింది. మూడో నెలలో కుదుటపడింది లోవ కాదు. తన వేలు నొక్కి నొక్కి పట్టీని మూగదాన్ని చేసింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు లోవ ఏ కాపలా లేకుండా పడుకుని లేచింది, దానంతటది మరిచిపోలేదు కాబట్టి బతికింది. కాలనీ అంతా మంచి చేయి అని మెచ్చుకున్నది ఆ మౌనాన్నే. బియ్యం పోసి, చెరపకుండా, తన నేస్తం ఒళ్లో పెట్టింది దాన్నే.

"తప్పు కంపెనీది," అంది గౌసియా గట్టిగా. "హద్దు పెట్టనిది వాళ్లు. ఎందుకు చెరపాలో చెప్పనిది వాళ్లు. పీఠానికి మూలకోడ్ చాలు. పట్టీలో నువ్వు దాచుకున్న జ్ఞాపకం నీది, దాన్ని బయటపెట్టమని ఏ లైసెన్సూ అడగదు."

బస్సులో నూకరత్నం అదే అనుకుంటూ వచ్చింది. ఎస్తేరు మీద నింద పోయింది, అది చాలు. ఇక ఇది కూడా చెప్తే లేనిపోని అయోమయం తప్ప ఎవరికేం ఒరుగుతుంది? ఆ మాట మనసులో పూర్తయ్యేసరికి ఎక్కడిదో గుర్తొచ్చింది. అది కంపెనీ జవాబులోని మాట. అచ్చం అదే.

అయినా చెప్పలేదు. పీఠం ఉత్తర్వు ఆదివారం గుడిలో పాస్టరుగారు చదివారు. అత్తగారు రవికలోని కాగితం తీసి చింపేసింది. దావీదు ఇంటికొచ్చాడు. ఎస్తేరు ఆ మధ్యాహ్నం నూకరత్నం కలిపి పెట్టిన చారన్నం నాలుగు ముద్దలు తింది, అక్కా చెల్లీ లేని నాకు నువ్వున్నావే అని ఆమె భుజం మీద తల వాల్చింది. నూకరత్నం కదలకుండా కూర్చుంది. పదకొండు రోజులు అలా గడిచాయి.

మౌనకాలం తీసేసిన కొత్త కోడ్‌ని సంఘంవాళ్లు కాలనీకి తెచ్చి, పట్టీలు తీసుకురమ్మని దండోరా వేయించారు. అది ఎక్కిస్తే పట్టీలోని పాత జ్ఞాపకం చెరిగిపోతుంది. ఈమధ్య కొన్న పట్టీలన్నీ వచ్చాయి. చేతులు మారిన పాతవి ఒక్కటీ రాలేదు. పాడైనవి కంపెనీ కొత్తవి, మావి పిల్లల్ని కాచిన పట్టీలు, వాటిని చెరిపేదేంటని ఆడవాళ్లు పెట్టెల్లో దాచేశారు. పన్నెండో రోజు పొద్దున్న కుళాయి దగ్గర, నిండు గర్భిణి ఒకామె ఒళ్లో ఎవరో తెల్లగుడ్డ మూట పెట్టడం నూకరత్నం చూసింది. బిందె అక్కడే వదిలేసి ఎస్తేరు ఇంటికి నడిచింది.

ఎస్తేరు గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నూకరత్నం ఎదురుగా నేల మీద కూర్చుని, మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. ఎక్కడా తనని కాపాడుకోలేదు. ఎస్తేరు చేతిలో కత్తి ఆగిపోయింది. తలెత్తి అడిగింది.

"ఎన్నిసార్లు నొక్కేవు?"

"మూడొందల పన్నెండు."

"అప్పుడు నిద్ర పట్టిందా నీకు?"

"పట్టింది."

ఎస్తేరు తల ఊపింది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది నూకరత్నానికి.

"నాకు పట్టేది కాదే. గాజు అసలు అదరదేంటా అని ఆడినే చూత్తా కూర్చునేదాన్ని. మా అత్త తిట్టేది, పచ్చగా ఎలుగుతుంటే ఇంకేటి నీ అనుమానం అని. ఆ రోజే దీపాన్ని నమ్మి అటు తిరిగేను. దారం చుడదామని."

చేపలు, కత్తి అలాగే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు ఆమె బయటికి వచ్చింది. నూకరత్నం వైపు చూడలేదు. వీధికి అవతలి పక్క మొదటి ఇంటి తలుపు తట్టి, మీ పట్టీ తియ్యండమ్మా, మా బాబు ఎలా పోయాడో చెప్తాను అంది. నూకరత్నం ఇవతలి పక్క మొదలుపెట్టింది, మా పట్టీ ఏం చేసిందో చెప్తానంటూ. ఇద్దరూ ఒకే వీధిలో చెరో పక్కన, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, సాయంత్రం దాకా తలుపులు తట్టారు. తర్వాత కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నిలబడి చెబుతుంటే పట్టీ దాచగలిగిన చేయి కాలనీలో లేకపోయింది. పెట్టెల అడుగునుంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

అన్నీ కాదు. కొన్ని అప్పటికే పెళ్లిళ్లతో, పుట్టిళ్లతో, వలస పనులతో ఊళ్లు దాటిపోయాయి. ఏ గుడ్డలో చుట్టి ఎవరి ఒళ్లో పెట్టారో ఇచ్చినవాళ్లకే గుర్తు లేదు. వాటి దీపాలు ఇప్పటికీ ఎక్కడో పచ్చగా వెలుగుతూనే ఉంటాయి.

అందుకే ఒక్క మాట. మీ వీధిలో చంటిబిడ్డ ఉన్న ఇల్లు ఏదైనా ఉంటే, ఇది పక్కన పెట్టి ఒకసారి వెళ్లి రండి. దీపం సంగతి వదిలేసి, బిడ్డ రొమ్ము మీద అరచేయి ఆన్చి, పైకి లేచి కిందకి దిగేదాకా ఆగండి. ఆ తర్వాత పక్కన కూర్చున్న తల్లిని కాసేపు పడుకోమని చెప్పి, ఆమె లేచేవరకు బిడ్డ దగ్గర మీరు కూర్చోండి.